గులాబీ గీత చెప్పేదెంత?

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు (కేజీఎఫ్) మూతపడ్డాయి. అంతకు ముందు 120 ఏళ్లలో ఆ నేల 800 టన్నుల దాకా బంగారం ఇచ్చింది. చాంపియన్ రీఫ్‌లో గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. ఇప్పుడక్కడ కనిపించేవి సైనైడ్ మట్టిదిబ్బలు, తుప్పు పట్టిన షాఫ్టు చట్రాలు, పనికోసం బెంగళూరు వెళ్లేవాళ్లతో కిక్కిరిసి తెల్లవారుజామునే మారికుప్పంలో బయల్దేరే రైళ్లు. అయినా రాబర్ట్‌సన్‌పేటలో ఏ మెడికల్ షాపుకెళ్లినా యాభై అరవై రూపాయలకు రవంత బంగారం ఇప్పటికీ దొరుకుతుంది. కొనేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. పొట్లం మీద కూడా రాసి ఉండదు.

గర్భం వచ్చిందో లేదో ఇంట్లోనే చూసుకునే కిట్‌లో పైకి తేలే గులాబీ గీత, చాలా కంపెనీల సరుకులో, బంగారమే.

లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే 1857లో ఈ రంగు మర్మాన్ని పట్టుకున్నాడు. బంగారు లవణాన్ని నీళ్లలో విరగ్గొట్టి కంటికి ఆననంత చిన్న రేణువులుగా చేస్తే, అది పసుపు వదిలేసి కెంపురంగుకు తిరుగుతుంది. కిట్లలో వాడే రేణువు అడ్డుకొలత ఇంచుమించు 40 నానోమీటర్లు. అంత చిన్నదానిలోనూ ఇరవై లక్షల దాకా బంగారు పరమాణువులుంటాయి. ఒక్కో పట్టీలో పట్టే బంగారం మైక్రోగ్రాముల్లోనే, అంటే గ్రాములో పదిలక్షల వంతుల లెక్క. తాకట్టుకు పనికిరాదు. కానీ ఆ రంగు వెలిసిపోదు, చూడటానికి యంత్రం అక్కర్లేదు, పైగా ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) దానికి చక్కగా అంటుకుంటాయి. కిట్ తయారీదారులకు కావలసింది సరిగ్గా ఇదే.

పట్టీ లోపల

పిండం గర్భసంచి గోడకు అంటుకున్నాక, తర్వాత మావిగా మారబోయే కణాలు హ్యూమన్ కోరియానిక్ గొనాడోట్రోపిన్ అనే హార్మోన్‌ను తయారు చేస్తాయి. డాక్టర్లు హెచ్‌సీజీ అంటారు. అది రక్తంలోకి, అక్కణ్నుంచి మూత్రంలోకి వస్తుంది. కిట్ వెతికేది దాన్నొక్కదాన్నే.

మూత్రం చుక్కలు పడగానే పట్టీ తడిసి ద్రవం ముందుకు పాకుతుంది. దారిలో బంగారు రేణువులు పొడిగా కాచుకుని ఉంటాయి. వాటికి అంటించిన ప్రతిరక్షకాలు హెచ్‌సీజీని ఒక వైపు పట్టుకుంటాయి. ఇంకాస్త ముందుకెళితే ‘టి’ అని గుర్తున్న చోట మరో రకం ప్రతిరక్షకాలు పట్టీకి అతుక్కుని కూర్చుని ఉంటాయి. అవి అదే హార్మోన్‌ను రెండో వైపు నుంచి పట్టుకుంటాయి. తిరునాళ్లలో తప్పిపోబోయిన పిల్లాణ్ని ఇద్దరు చెరో చెయ్యీ పట్టి ఆపినట్టు, హార్మోన్ అక్కడ ఆగిపోతుంది. దాన్ని పట్టుకున్న బంగారమూ ఆగిపోతుంది. కోట్లాది రేణువులు ఒకే వరసలో ఆగితే అదే గీత.

మిగిలిన బంగారం ‘సి’ దగ్గరికి చేరుతుంది. అక్కడున్నవి ఎలుక జాతి ప్రతిరక్షకాలను పట్టుకునే ప్రతిరక్షకాలు. బంగారానికి అంటించినవి ఎలుక కణాల నుంచి తయారైనవే కాబట్టి గర్భం ఉన్నా లేకున్నా ‘సి’ గీత రావాలి. ద్రవం సరిగ్గా పాకిందని, సరుకు పాడవలేదని చెప్పడమే దాని పని. ‘సి’ గీత రాకపోతే ‘టి’ ఎంత ముదురుగా ఉన్నా ఆ కిట్ చెత్తబుట్టలోకే. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ర్యాపిడ్ పరీక్ష కూడా ఈ పద్ధతిదే. గర్భ పరీక్ష ఎప్పుడూ చూడని మగవాళ్లు సి, టి అక్షరాలు నేర్చుకున్నది అప్పుడే.

పట్టీ గట్టితనమంతా ఆ ప్రతిరక్షకాల ఎంపికలో ఉంది. హెచ్‌సీజీకి రెండు ముక్కలు, ఆల్ఫా, బీటా. ఆల్ఫా ముక్క అండం విడుదలకు పనిచేసే ఎల్‌హెచ్‌లోనూ, థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్‌లోనూ అచ్చం అలాగే ఉంటుంది. తేడా బీటాలోనే. 1972లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జుడిత్ వైతుకైటిస్, గ్లెన్ బ్రాన్‌స్టీన్, గ్రిఫ్ రాస్ ఆ బీటాను విడిగా గుర్తుపట్టే రక్తపరీక్షను ప్రచురించారు. మూడేళ్లకు కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం ప్రతిరక్షకాలను ఎంతకావాలంటే అంత తయారుచేసే దారి కనిపెట్టారు. 1988లో యూనిపాత్ కంపెనీ ఈ రెండింటినీ కలిపి ఒక్క పుల్లలో ఇమిడ్చి క్లియర్‌బ్లూ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. వాళ్లు వాడింది బంగారం కాదు, నీలిరంగు ప్లాస్టిక్ లేటెక్స్ రేణువులు. చవక కిట్లలో బంగారమూ, ఖరీదైన కిట్లో ప్లాస్టిక్కూ!

99 శాతం ఎవరికి?

హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వారి వెలాసిట్ అయినా, ప్రెగా న్యూస్ అయినా, ఐ-కెన్ అయినా, ఆశా కార్యకర్త ఉచితంగా ఇచ్చే ‘నిశ్చయ్’ అయినా పట్టీ సూత్రం ఒక్కటే. ఈ రకం కిట్లు సాధారణంగా మిల్లీలీటరు మూత్రంలో 25 మిల్లీ అంతర్జాతీయ యూనిట్ల హెచ్‌సీజీ ఉంటే పట్టుకునేలా చేసినవి. హార్మోన్ ఆ మోతాదు దాటాక కిట్ తప్పు చెప్పడం చాలా అరుదు. పెట్టెల మీద కనిపించే 99 శాతం ఆ పరిస్థితిది. అసలు చిక్కు హార్మోన్ ఆ మోతాదుకు ఎప్పుడు చేరుతుందన్నదే.

అండం విడుదలైన రోజు నుంచి పిండం గర్భసంచికి అంటుకోవడానికి 6 నుంచి 12 రోజులు పడుతుంది. ఎక్కువమందిలో 8, 9, 10 రోజుల్లో జరుగుతుంది. అంటుకున్నాకే హెచ్‌సీజీ మొదలవుతుంది, మొదట్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. అమెరికాలో అలెన్ విల్‌కాక్స్ బృందం 2001లో ప్రచురించిన లెక్క ప్రకారం, నెల తప్పిన మొదటి రోజు నాటికి పదింట ఒక గర్భంలో పిండం ఇంకా అంటుకోనే లేదు. అంటే ఎంత గొప్ప కిట్ వాడినా ఆ రోజు నూటికి 90 మందికి మించి పట్టుకోలేదు. వారం ఆగితే 97. వారం ఓపిక పట్టడం కంటే మంచి బ్రాండు లేదు.

వాడే చేతుల తేడా ఇంకొకటి. పాత తరం కిట్ల మీద 1998లో వచ్చిన ఒక సమగ్ర సమీక్షలో, అధ్యయనానికి వచ్చిన స్వచ్ఛంద మహిళలు చేస్తే గర్భాన్ని 91 శాతం దాకా పట్టిన కిట్లు, నిజంగా అనుమానంతో వచ్చిన రోగుల చేతుల్లో 75 శాతమే పట్టాయి. తొందర, భయం, చదవని కాగితం. కాగితంలో ఉండేది మహా అయితే నాలుగు మాటలు: పొద్దున్నే మొదటి మూత్రం, చెప్పినన్ని చుక్కలు, అయిదు నిమిషాలు, పది నిమిషాల తర్వాత చూడొద్దు. ఆలస్యమైతే పట్టీ ఆరిపోతూ బూడిదరంగు నీడ ఒకటి మిగులుస్తుంది. దాన్ని రెండో గీత అనుకుని సంబరపడినవాళ్లూ, ఏడ్చినవాళ్లూ ఉన్నారు. రంగున్న గీతే గీత, పలచగా ఉన్నా సరే. నీడ గీత కాదు. మూత్రం రావడం లేదని చెంబెడు నీళ్లు తాగితే హార్మోన్ పలచబడి మొదటి రోజుల్లో ‘లేదు’ అనే వస్తుంది. తెల్లవారుజామున రైలెక్కే కేజీఎఫ్ ఆడవాళ్లకు మాత్రం ఆ మొదటి మూత్రం నియమం కష్టం కాదు. లేవడమే ఆ వేళకు.

నెలసరి తారీఖు గాడిలో లేనివాళ్లకు, పాలిచ్చే తల్లులకు, పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ‘నెల తప్పిన రోజు’ ఏదో లెక్క తేలదు. కలయిక జరిగిన 21 రోజుల తర్వాత చేస్తే కిట్ మాట నమ్మొచ్చు. అప్పటికీ లేదనే వచ్చి, నెలసరీ రాకపోతే డాక్టరు దగ్గరికి.

కోలారు జిల్లా ములబాగిలు దగ్గర ఆవని కొండ ఉంది. వాల్మీకి ఆశ్రమం అక్కడే, లవకుశులు పుట్టింది అక్కడే అని స్థలపురాణం. పిల్లల కోసం మొక్కుకునే ఆడవాళ్లు ఆ కొండెక్కి సీతమ్మకు దండం పెడతారు. ఏళ్ల తరబడి ఎదురుచూసే అలాంటివాళ్లే ఎక్కువగా నెల దాటకముందే కిట్ తెరుస్తారు. వాళ్లకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. విల్‌కాక్స్ బృందమే 1988లో 221 మంది ఆడవాళ్ల మూత్రాన్ని రోజూ పరీక్షించి, హార్మోన్ కనిపించిన గర్భాల్లో 22 శాతం, గర్భమని ఎవరూ గుర్తించకముందే పోయినట్టు తేల్చింది. ఎప్పటి నుంచో జరుగుతున్నదే. ముందైతే రెండు రోజులు ఆలస్యంగా వచ్చిన నెలసరి అనుకుని వదిలేసేవాళ్లు. ఇప్పుడు కిట్ ముందే చెప్పేస్తుంది, దాంతో అది దుఃఖమవుతుంది. నెల తప్పకముందే గీత చూపిస్తామని పోటీపడే కంపెనీలు ఈ ముక్క పెట్టె మీద వేయవు.

తప్పుగా ‘ఉంది’ అని రావడానికీ కారణాలున్నాయి, తక్కువే అయినా. సంతాన చికిత్సలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ వేసుకుంటే కిట్ దాన్నే చూసి గీత వేస్తుంది. గర్భస్రావం అయినా, చేయించుకున్నా హార్మోన్ వెంటనే పోదు. నాలుగు వారాల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువకాలం కనిపిస్తుంది. కొన్ని అరుదైన గడ్డలూ దీన్ని తయారుచేస్తాయి. రక్తపరీక్షే గట్టిదనుకునేవాళ్ల కోసం మరో సంగతి. 1990ల చివర్లో అమెరికాలో ఒక యువతి రక్తంలో హెచ్‌సీజీ ఎన్నాళ్లకూ తగ్గలేదని క్యాన్సర్ అనుకుని కీమో ఇచ్చారు, గర్భసంచి తీసేశారు. ఆమెకు క్యాన్సరే లేదు. రక్తంలో ఉన్న ఒక రకం ప్రతిరక్షకాలు యంత్రాన్ని మోసం చేశాయి. అవి అంత తేలిగ్గా మూత్రంలోకి దిగవు కాబట్టి, అనుమానం వచ్చినప్పుడు మూత్రాన్నీ చూడాలని ఆ తర్వాత వైద్యులు నేర్చుకున్నారు.

ఎక్కువైనా ఇబ్బందే. రెండు మూడు నెలల గర్భంలో హెచ్‌సీజీ, దాని విరిగిన ముక్కలు మూత్రంలో పొంగిపొర్లుతుంటే కొన్ని కిట్లలో ప్రతిరక్షకాలన్నీ ఆ ముక్కలకే అంటుకుపోయి గీత రాదు. వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకురాలు ఆన్ గ్రోనౌస్కీ, ఆసుపత్రులు వాడే కిట్లలోనే ఈ లోపం చూపించింది. వేవిళ్లతో అల్లాడుతున్నా కిట్ ‘లేదు’ అంటే, నమ్మాల్సింది ఒంటినే.

కప్పలు, కుందేళ్లు, మాత్రలు

ఈజిప్టు పాపిరస్‌లో గోధుమ, బార్లీ గింజల మీద మూత్రం పోయించే పరీక్ష ఉంది. 1963లో కైరోలో చేసి చూస్తే గర్భిణుల మూత్రంతో 70 శాతం సార్లు గింజ మొలిచింది. ఇప్పుడు యూట్యూబ్‌లో తిరిగే చక్కెర, ఉప్పు, టూత్‌పేస్ట్ పరీక్షలకు ఆ మాత్రం రుజువు కూడా లేదు.

బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ 1920ల చివర్లో మూత్రాన్ని చిట్టెలుకలకు ఎక్కించి, కోసి, అండాశయాలు చూశారు. 1931లో ఫ్రీడ్‌మన్ కుందేలుకు మారాడు. ‘కుందేలు చచ్చిందంటే గర్భమే’ అన్న అమెరికా సామెత అక్కణ్నుంచి పుట్టింది కానీ అది తప్పు. ఫలితం ఏదైనా కోయక తప్పదు కాబట్టి కుందేలు ఎటూ చచ్చేది. లాన్స్‌లాట్ హాగ్‌బెన్ దక్షిణాఫ్రికా కప్పను రంగంలోకి దించాక జంతువు ప్రాణం దక్కింది. గర్భిణి మూత్రం ఎక్కిస్తే ఆ కప్ప కొన్ని గంటల్లోనే గుడ్లు పెట్టేది, తర్వాత మళ్లీ పనికొచ్చేది.

అంతకంటే ఘోరమైన పరీక్ష జంతువుల మీద కాదు, ఆడవాళ్ల మీదే జరిగింది. నెల తప్పినామెకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ కలిపిన బలమైన మాత్ర ఇచ్చేవారు. ముట్టయితే గర్భం లేనట్టు, కాకపోతే ఉన్నట్టు. ఉంటే? ఆ హార్మోన్లు పిండానికి చేరినట్టే కదా! బ్రిటన్‌లో ప్రైమోడాస్ పేరుతో అమ్మిన ఈ మాత్ర మీద 1967లోనే ఇసబెల్ గాల్ అనే వైద్యురాలు పిల్లల అవకరాల గురించి అనుమానం లేవనెత్తింది. మార్కెట్ నుంచి పోయింది 1978లో. 1967లోనే ఆపాల్సిందని 2020లో కంబర్‌లెజ్ కమిటీ తేల్చింది.

మన దేశంలో ఇవే ‘ఈపీ మందులు’. పరీక్షకని కొందరు, కడుపు పోతుందని కొందరు వాడారు. ప్రభుత్వం 1982లో నిషేధించబోతే కంపెనీలు కోర్టుల నుంచి స్టే తెచ్చుకున్నాయి. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు పట్టు వదల్లేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లాక 1987లో ఔషధ నియంత్రణాధికారి బహిరంగ విచారణలు పెట్టాడు. 1988లో నిషేధం. అయినా మెడికల్ షాపు కౌంటర్ మీద వాలి, గొంతు తగ్గించి, ‘ముట్టొచ్చే మాత్ర ఇవ్వండన్నా’ అని అడగడం ఆగలేదు. కోలారులోనే కాదు, చిత్తూరులోనూ, మదనపల్లెలోనూ అంతే. ముందు కిట్‌తో చూసుకుని, ఆ తర్వాతే ఏ మాత్రైనా. ఈ వరుస తిరగబడకూడదు.

ఇంట్లో పరీక్ష చేసుకోవచ్చన్న ఊహ న్యూజెర్సీలో ఆర్గనాన్ కంపెనీలో బొమ్మలు గీసే మార్గరెట్ క్రేన్‌ది. 1967లో, ఇరవయ్యారేళ్లప్పుడు, ల్యాబ్‌లో వరసగా పెట్టిన గాజు గొట్టాలను చూసి, ఇది ఆడవాళ్లు తామే చేసుకోవచ్చు కదా అనుకుంది. కంపెనీ పెద్దలు మొదట కాదన్నారు. పేటెంటు హక్కు ఒక్క డాలరుకు రాయించుకున్నారు. ఆ డాలరు కూడా ఆమెకు అందలేదు. 2015లో ఆమె చేసిన నమూనాను స్మిత్‌సోనియన్ మ్యూజియం 11,875 డాలర్లకు వేలంలో కొన్నది.

గీత చెప్పనివి

గర్భం ఎన్ని వారాలదో మన కిట్ చెప్పదు. ఒకరో ఇద్దరో చెప్పదు. పిండం సజీవంగా ఉందో లేదో చెప్పదు. అన్నిటికంటే ముఖ్యంగా, అది ఎక్కడ అంటుకుందో చెప్పదు. వందలో ఒకటి రెండు గర్భాలు గర్భసంచిలో కాక బయట, ఎక్కువగా ఫెలోపియన్ గొట్టంలో పడతాయి. అక్కడా హెచ్‌సీజీ తయారవుతుంది, అక్కడా గులాబీ గీత వస్తుంది. గొట్టం పగిలితే లోపల రక్తం కారి ప్రాణం మీదికొస్తుంది. గీత చూసి స్కానింగ్ లేకుండా షాపులో గర్భస్రావం మాత్రలు కొని వేసుకునేవాళ్లకు ఉన్న పెద్ద గండం ఇదే, ఎందుకంటే ఆ మాత్రలు గొట్టంలోని గర్భాన్ని తీయలేవు. కాస్త రక్తం పడుతుంది, పని అయిపోయిందనుకుంటారు. గీత వచ్చాక ఒక పక్క కడుపునొప్పి, కళ్లు తిరగడం, భుజంలో నొప్పి ఉంటే ఇంకో కిట్ కొనడం దండగ. కోలారు శ్రీ నరసింహరాజ జిల్లా ఆసుపత్రికో, టమకలోని జాలప్ప ఆసుపత్రికో, దగ్గర్లో స్కానింగ్ ఉన్న ఎక్కడికైనా సరే, ఆ రోజే వెళ్లాలి.

ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం నడిచే ములబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో మెడికల్ షాపంటే ఇంటి గుట్టు రచ్చకెక్కే చోటు కూడా. షాపతను మామ వరసో, బావ వరసో అవుతాడు. అందుకే ‘నిశ్చయ్’ కిట్ విలువ ధరలో కంటే దారిలో ఉంది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ దాన్ని ఆశాల సంచిలో పెట్టింది. ఆశా అక్క ఇంటికే తెస్తుంది. గర్భం ఖాయమై, కావాలనుకుంటే పన్నెండు వారాల్లోపు పేరు రాయించి గర్భిణులకిచ్చే తాయి కార్డు ఇప్పిస్తుంది. వద్దనుకున్నా చట్టం దారి మూయలేదు. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, కొన్ని వర్గాల వారికి ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే 24 వారాల దాకా. పెళ్లయిందా లేదా అన్న తేడా పనికిరాదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. తొమ్మిది వారాల్లోపైతే డాక్టరు చీటీతో మాత్రలే సరిపోతాయి. కిట్ త్వరగా చేతికందితే ఈ దారులన్నీ తెరిచి ఉంటాయి.

ఆ పట్టీని చదివే హక్కు ఎవరిదన్నది వేరే గొడవ. 2023 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లాలో సర్కారు సామూహిక వివాహాలకు వచ్చిన వధువులకు గర్భ పరీక్ష చేయించారని దుమారం లేచింది. నెలసరి వివరాలు దాచిందని ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగినిని ఎల్‌ఐసీ తీసేస్తే, 1991లో సుప్రీంకోర్టు ఆమెను వెనక్కి తీసుకోమని, అలాంటి ప్రశ్నల్ని ఫారం నుంచి కొట్టేయమని ఆదేశించింది. ముప్పయ్యేళ్లకు స్టేట్ బ్యాంక్ కొత్త నియామకాల్లో మూడు నెలలు దాటిన గర్భిణిని ‘తాత్కాలికంగా అనర్హురాలు’ అని రాసుకుంది. విమర్శలు చుట్టుముట్టాక 2022 జనవరి చివర్లో ఆ నిబంధనను పక్కన పెట్టింది. బస్సుల నిండా అమ్మాయిలు పనికి దిగే నరసాపుర, వేమగల్ పారిశ్రామికవాడలు కోలారు జిల్లాలోనే ఉన్నాయి. ఉద్యోగంలో చేరే ముందు వైద్య పరీక్ష అంటూ సీసా చేతికిచ్చినప్పుడు, అది దేనికోసమని అడగడానికి వాళ్లకు ఆ 1991 తీర్పు ఉంది.